పైరు దశను బట్టి పురుగుల నివారణ: తెనాలి, బాపట్ల, రేపల్లె మాగాణి

పైరు దశను బట్టి పురుగుల నివారణ అంటే మందు ఎప్పుడు కొట్టాలో తేదీ చూసో, పక్క చేలో పంపు మోత వినో కాకుండా, మొక్క వయసు చూసి తేల్చుకోవడం. పురుగు అదే అయినా అది తగిలిన దశను బట్టి నష్టం మారిపోతుంది. పిలకల దశలో ఆకుముడత పురుగు నాలుగు ఆకులు గీరినా వరి తట్టుకుని కొత్త ఆకులు వేస్తుంది. పొట్ట దశలో అదే పురుగు పోటాకును గీరితే గింజ నిండదు. పురుగుకూ ఇలాంటి లెక్కే ఉంది. గుడ్డులో ఉన్నప్పుడు, పిల్లపురుగుగా ఆకు మీద తిరిగేటప్పుడు, కాడలోకి దూరాక ఒకే మందు ఒకేలా పనిచేయదు. మొక్క లోకువగా ఉండే రోజులూ పురుగు బయటపడి ఉండే రోజులూ ఎక్కడ కలుస్తాయో పట్టుకోవడమే ఈ పద్ధతి.

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో సార్వాకు వరి, దాని వెనకే అదే తేమ మీద మినుము, నీరు పెట్టుకోగలిగిన చోట మొక్కజొన్న వేస్తారు. తెనాలి గుంటూరు జిల్లాలో ఉండగా, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. మూడింటికీ నీరిచ్చేది మాత్రం ప్రకాశం బ్యారేజీయే. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. ఈ నేలలో పండే వరి రకానికి పేరిచ్చింది కూడా బాపట్లే. అక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. సాంబ మసూరిగా పేరుపడ్డ బీపీటీ 5204 ఆ ఊళ్లోనే రూపుదిద్దుకుని 1986లో విడుదలైంది. బీపీటీ అంటే బాపట్లే. అన్నానికి ఇంత పేరు తెచ్చిన ఈ రకానికి కాండం తొలిచే పురుగునూ దోమనూ తట్టుకునే శక్తి లేదు. ఈ ప్రాంతంలో దశల లెక్క ఇంత ముఖ్యం కావడానికి సగం కారణం ఆ రకమే.

రైతు మాటల్లో దశలు

పైరు దశలను అంకెల్లో రాయడం ఐరోపాలో స్థిరపడిన పద్ధతి. ధాన్యపు పైర్లకు 1974లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త జాడోక్స్ ఇచ్చిన కొలమానం, తర్వాత అన్ని పంటలకూ విస్తరించిన బీబీసీహెచ్ కొలమానం మొలక నుంచి కోత దాకా ప్రతి దశకూ రెండంకెల సంఖ్య ఇస్తాయి. డెల్టా రైతు మాటల్లో ఇవన్నీ ముందే ఉన్నాయి. నాటిన వారం పది రోజులకు కొత్త ఆకు పచ్చబడితే "మూన తిరిగింది" అంటారు. తర్వాత దుబ్బు కడుతుంది, పిలకలు పెడుతుంది. కాడ ఉబ్బడం మొదలైతే చిరుపొట్ట, నిండితే పొట్ట. వెన్ను బయటపడితే ఈనింది. పుప్పొడి రాలుతుంటే సుంకు మీద ఉంది. ఆపైన పాలు పోసుకోవడం, గింజ గట్టిపడటం, కంకి వంగడం.

ఈ వరుసలో కంటికి కనపడకుండా జరిగిపోయేది అంకురం ఏర్పడటం ఒక్కటే. దాన్ని చూడాలంటే గట్టు మీద కూర్చుని దుబ్బులోంచి లావుపాటి తల్లి పిలకను వేరుతో సహా పీకాలి. బ్లేడుతో అడుగు నుంచి నిలువునా చీలిస్తే కణుపుల పైన, ఆకు తొడుగుల నడుమ, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల తెల్లటి మొన కనిపిస్తుంది. దాని మీద సన్నని నూగు ఉంటుంది. కంకి పుట్టుక అదే. నాలుగైదు చోట్ల పీకి చూసి సగానికి పైగా కాడల్లో అది కనిపిస్తే చేను అంకుర దశలో ఉన్నట్టు.

బ్లేడు లేకపోయినా లెక్కతో దగ్గరికి రావచ్చు. రకం ఏదైనా అంకురం నుంచి పూతకు దాదాపు 35 రోజులు, పూత నుంచి కోతకు దాదాపు 30 రోజులు పడుతుంది. రకాల మధ్య తేడా అంతా దానికి ముందు, ఆకూ పిలకా పెరిగే కాలంలోనే ఉంటుంది. అందుకే లెక్క కోత నుంచి వెనక్కి కట్టాలి. 150 రోజుల సాంబ మసూరికి అంకురం 85వ రోజు ప్రాంతంలో, పూత 120వ రోజు ప్రాంతంలో వస్తాయి. 120 రోజుల ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు, 55వ రోజుకే అంకురం వేసి 90వ రోజుకు పూతకు వస్తుంది. "నాటిన నలభయ్యో రోజున గుళికలు" అని రెండు రకాలకూ ఒకే సలహా ఇస్తే ఒకటి నిండు పిలకల మీద ఉంటుంది, రెండోది పొట్టకు సిద్ధమవుతూ ఉంటుంది.

కాండం తొలిచే పురుగు

ఊస తిరుగుడు అనీ మొవ్వు తొలిచే పురుగు అనీ పిలిచే ఈ పసుపు రెక్కల పురుగు పిలకల దశలో తగిలితే మొవ్వు ఎండిపోతుంది, పొట్ట దశలో తగిలితే తెల్లకంకి వస్తుంది. మొదటిది మొక్క చాలావరకు కొత్త పిలకతో పూడ్చుకుంటుంది. రెండోదానికి పూడ్చుకునే వ్యవధి లేదు. పురుగు ఒకటే, అడ్డుకునే గడువు మాత్రం రెండు దశల్లో వేరు.

తల్లిపురుగు ఆకు చివరి భాగంలో గుడ్లను గుంపుగా పెట్టి, తన ఒంటి నూగుతో కప్పేస్తుంది. దూరానికి గోధుమరంగు బూజు మచ్చలా కనిపిస్తుంది. వారం లోపే పిల్లపురుగులు బయటికొస్తాయి. సన్నని దారం వదిలి గాలికి ఊగుతూ పక్క దుబ్బుకు చేరి, కాడకూ ఆకు తొడుగుకూ మధ్య దూరి లోపలికి తొలుచుకుపోతాయి. పిచికారీ మందు సూటిగా తగిలేది ఈ కొద్ది రోజుల్లోనే. కాడ లోపలికి చేరిన పురుగు మందుకు అందదు.

తెల్లకంకులు కనిపించాక మందు కొట్టడం అందుకే దండగ. బయటికొచ్చిన వెన్ను తెల్లగా నిలబడి ఉంటే పట్టి లాగండి. తేలిగ్గా ఊడివస్తుంది, మొదట్లో కొరికిన గుర్తూ పిండిలాంటి పెంటికా ఉంటాయి. ఊడిరాకుండా మెడ దగ్గర నల్లబడి విరిగితే అది మెడవిరుపు, అగ్గితెగులు పని, పురుగుది కాదు. తెల్లకంకి అయితే పురుగు రెండు వారాల కిందటే లోపలికి చేరింది. ఆ రోజు కొట్టే మందు కొట్టిన తృప్తికి తప్ప కంకికి పనికిరాదు. ఏటా ఈ తప్పు జరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే పైరులో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది తెల్లకంకే.

దశల లెక్కలో పని నారుమడి నుంచే మొదలవుతుంది. నారు తీయడానికి వారం ముందు నారుమడిలో గుళికలు వేస్తే ఐదు సెంట్ల మడితో పని అయిపోతుంది. అదే పని నాటాక చేయాలంటే ఎకరం మొత్తం తిరగాలి. నాటేముందు నారు కొసలు తుంచేస్తే వాటి మీది గుడ్లు గట్టు దాటవు. పైసా ఖర్చు లేని పని ఇది, కాకపోతే కూలీలు గుత్తకు నాటేటప్పుడు దీనికి తీరిక ఉండదు. పిలకల దశలో ఎకరానికి మూడు లింగాకర్షక బుట్టలు పెట్టి, వారానికి బుట్టకు 25-30 మగ పురుగులు పడుతున్నాయా అని చూస్తారు. చదరపు మీటరుకు ఒక గుడ్ల గుంపో ఒక తల్లిపురుగో కనిపించినా, నూటికి ఐదు మొవ్వులు ఎండినా మందుకు సమయం వచ్చినట్టే. పిలకల దశలో ఎకరానికి 8 కిలోల కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు, లేదా 4 కిలోల క్లోరాంట్రానిలిప్రోల్ 0.4జి గుళికలు ఇసుకలో కలిపి, పలచగా నీరు నిలిపి చల్లుతారు. చేలో నీరు పారుతుంటే గుళికలు పక్క చేనుకు వేసినట్టే. అంకురం నుంచి చిరుపొట్ట లోపు వచ్చే రెండో విడతకు గుళికలు కాదు, పిచికారీ కావాలి. ఆ మందు చిరుపొట్టలో పడితే తెల్లకంకి తగ్గుతుంది, ఈనిక మొదలయ్యాక పడితే తగ్గదు.

కోత పద్ధతి మారడంతో ఈ పురుగుకు మరో వసతి దొరికింది. కొడవలితో నేలబారుగా కోసిన రోజుల్లో గడ్డితోపాటు కాడలోని పురుగూ వామికి వెళ్లేది. కోత యంత్రం మోడును ఎత్తుగా వదులుతుంది. దుక్కి లేకుండా మినుమో మొక్కజొన్నో వేసిన చేలో ఆ మోళ్లు కదలకుండా అలాగే ఉంటాయి, మోడు అడుగున పురుగూ ఉంటుంది.

దోమ

సుడిదోమ లెక్క వేరు. ఇది ఆకు మీద కాదు, దుబ్బు మొదట్లో నీటి మట్టానికి కాస్త పైన ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగా, నిండుగా కనిపిస్తుంది. దిగి, దుబ్బును పక్కకు వంచి రెండుసార్లు తడితే గోధుమరంగు దోమలు నీళ్ల మీద పడి గెంతుతాయి. రెక్కలున్న దోమలు ఎక్కడినుంచో వచ్చి దుబ్బులో గుడ్లు పెడతాయి. వాటి సంతతిలో చాలావాటికి రెక్కలు పొట్టి, కదలకుండా అక్కడే పిల్లలు పెడతాయి. ఒక తరానికి నాలుగు వారాల లోపే పడుతుంది. అంటే పిలకల చివర్లో వచ్చి చేరినవి రెండు తరాలు గడిచేసరికి పాలు పోసుకునే దశకు అందుకుంటాయి. చేను నడుమ గుండ్రంగా ఎండి పడిపోయే "సుడి" అప్పుడు కనిపిస్తుంది. సుడి కనిపించిన రోజుకు లెక్క దాటిపోయింది.

అందువల్ల పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనిక సమయానికి 20-25 దోమలు అన్న పరిమితి దాటిందా అని వారం వారం దిగి చూడాలి. నాట్ల రోజునే చేయాల్సిన పని ఇంకొకటుంది, కాలిబాటలు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా వదిలితే గాలీ వెలుతురూ దుబ్బు మొదటికి అందుతాయి, మూడు నెలల తర్వాత మందు కొట్టే మనిషికి నాజిల్ మొదళ్లకు పెట్టే దారి కూడా దొరుకుతుంది. బాట వదిలితే నేల పోయిందన్న బాధతో చాలామంది వదలరు. పొట్ట మీద ఉన్న చిక్కటి చేలో పైపైన కొట్టిన మందు ఆకు దాటి కిందికి దిగదు.

దోమ కనిపించగానే మందులకు ముందు నీరు తీసేయాలి. చేను ఆరగట్టి మళ్లీ తడి పెడితే దోమ తగ్గుతుంది. ఆపైన బుప్రోఫెజిన్, పైమెట్రోజిన్, డైనోటెఫ్యూరాన్, ట్రైఫ్లుమెజోపైరిమ్ వంటివి దశనూ తీవ్రతనూ బట్టి వాడతారు. మోతాదు డబ్బా మీద రాసి ఉన్నదే. ఆకుముడతకని పిలకల దశలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే దోమ తగ్గకపోగా పెరుగుతుంది. దోమను తినే సాలీళ్లూ మిరిడ్ నల్లులూ ముందు చనిపోతాయి, దుబ్బు లోపలి దోమ గుడ్లు మిగులుతాయి. ఆ గుడ్లు పొదిగేసరికి చేలో తినేవాళ్లు ఉండరు.

ఆసియా వరి దేశాలు కొన్ని ఈ పాఠం ఖరీదుగా నేర్చుకున్నాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చేలల్లో పీటర్ కెన్‌మోర్ 1980ల్లో చూపించింది ఇదే. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1990ల్లో రైతులకు చెప్పిన సూత్రం మరీ సూటిగా ఉండేది: విత్తిన మొదటి 40 రోజులు ఆకు తినే పురుగుల కోసం మందు కొట్టవద్దు. అది పూర్తిగా దశ మీద ఆధారపడ్డ నియమం. అక్కడ విన్నారు. మన దగ్గర నాటిన మూడో వారంలో, మూన తిరిగీ తిరగగానే గుళికలతోపాటు పంపు కూడా భుజానికెత్తే అలవాటు ఇంకా పోలేదు.

మిగిలిన పురుగులు

ఉల్లికోడు పిలకల దశ పురుగు. మొవ్వు ఉల్లికాడలా గొట్టమై వస్తుంది, ఆ పిలక ఈనదు. గొట్టం కనిపించేసరికి లోపలి పురుగు బయటపడే దశకు వచ్చేస్తుంది కనుక కనిపించాక మందుతో లాభం తక్కువ. అంకురం ఏర్పడ్డాక ఉల్లికోడు గురించి బెంగ అక్కర్లేదు. ఆలస్యంగా నాటిన చేలకే దీని బెడద.

తాటాకు తెగులు పేరుకే తెగులు. అది ముళ్ల ఒంటితో ఉండే చిన్న నల్లటి పెంకు పురుగు, ఆకును గీరి తెల్ల చారలు చేస్తుంది. పేరు చూసి తెగుళ్ల మందు కొట్టినవాళ్లూ ఉంటారు. ఇదీ లేత దశ పురుగే. ఆకుముడతకు పిలకల దశలో చేనుకు అడ్డంగా కొబ్బరితాడు లాగి పురుగులను నీళ్లలో పడేయడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. పొట్ట దశలో తాడు లాగకూడదు.

కంకినల్లి కీటకం కాదు, కంటికి ఆనని నల్లి. పొట్టాకు తొడుగు లోపల దాక్కుంటుంది కాబట్టి దానికి గడువు ఈనిక ముందే. కంపునల్లి పాలు పోసుకునే గింజను పీలుస్తుంది, గింజ గట్టిపడితే దాని ముక్కు దిగదు. సుంకు మీద ఉన్న చేలో పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా మందు కొట్టకూడదు. వరి పూలు విచ్చుకునేవి ఆ వేళల్లోనే. ఇక నవంబరు తుపానుకు పడిపోయిన చేలల్లో, కోతకు పది రోజుల ముందు కంకి కత్తిరించే పురుగు దిగుతుంది. పగలు దుబ్బు మొదట్లో దాగి, రాత్రి కంకుల మీదికెక్కుతుంది. దానికి మందు సాయంత్రమే, అది కూడా కోతకు ఎన్ని రోజులుందో చూసుకుని.

కార్తె, కాలువ

ఈ ప్రాంతంలో సేద్యం కార్తెల లెక్కలో నడిచింది. కార్తె చెప్పేది ఆకాశం లెక్క. కాలువ నీరు సరిగ్గా వచ్చినంత కాలం పైరు లెక్క కూడా దానితో సరిపోయేది. జులై మొదటి రోజుల్లో విత్తిన సాంబ మసూరికి అంకురం ఉత్తర చివర, హస్త మొదట్లో పడుతుంది, పూత స్వాతిలో, కోత నవంబరు ఆఖరులో. నీరు మూడున్నర వారాలు ఆలస్యమై జులై 25న విత్తితే అంకురం అక్టోబరు మూడో వారానికి, పూత నవంబరు మూడో వారానికి జరుగుతాయి. ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గర చీలి కిందికి పోతుంది. ఎగువ తెనాలి చేలకు ముందు తడి, రేపల్లె, బాపట్ల వైపు చివరి భూములకు తర్వాత తడి. ఒకే వారంలో ఒకచోట పైరు పొట్ట మీద ఉంటే ఇంకోచోట పిలకల్లో ఉంటుంది. ముందు ఈనిన చేలల్లో పెరిగిన పురుగు కోతల తర్వాత లేత చేల మీదికి దిగుతుంది. ఊరంతటికీ ఒకే రోజు మందు అని చాటింపు వేయడం ఇక్కడ కుదరదు.

దీనికితోడు వెద సాగు పెరిగింది. నాటిన చేనుకు నారు పీకిన దెబ్బ తగులుతుంది. వెదజల్లిన చేనుకు అది లేదు కనుక వారం పది రోజులు ముందే కోతకొస్తుంది. దాని రోజులు విత్తిన నాటి నుంచే లెక్కపెట్టాలి. "నాటిన ఇన్ని రోజులకు" అని అచ్చయిన సిఫారసును వెద చేనుకు అలాగే వాడితే లెక్క తప్పుతుంది.

ఇతర పంటల్లో

"ఇంత పురుగు దాటితేనే మందు" అన్న ఆర్థిక నష్ట పరిమితి భావన 1959లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగన్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. ఆ పరిమితికి దశ తోడైతేనే అర్థం. దీనికి చక్కటి ఉదాహరణ మధ్యధరా ఆలివ్ తోటలు. అక్కడి ఆలివ్ చిమ్మట ఏడాదికి మూడు తరాలు పెడుతుంది. ఒక తరం ఆకును తింటుంది, ఒకటి పూతను, ఒకటి లేత కాయను. తరానికో దశ కాబట్టి మందు ఏ తరం మీద వేయాలో చెట్టే చెబుతుంది. ఆలివ్ ఈగ కాయలో టెంక గట్టిపడే సమయం నుంచే గుడ్లు పెట్టడానికి దిగుతుంది, అంతకుముందు బుట్టలో ఎన్ని ఈగలు పడినా కాయకు భయం లేదు.

మాగాణి మినుముకు ఇదే తర్కం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న చేలో తడి మీద విత్తనం చల్లుతారు. కోత అయ్యేసరికి మొలక వస్తుంది, ఆపైన నేల తేమ, మంచు, అంతే. ఈ పంటకు మొదటి రక్షణ విత్తనశుద్ధి. రెండాకుల దశలో వచ్చే తామర పురుగులూ కాండపు ఈగా తెల్లదోమా మొక్కకు అడ్డుకునే శక్తి రాకముందే వస్తాయి. విత్తనానికి పట్టించిన ఇమిడాక్లోప్రిడ్ ఆ మొదటి వారాలు గడుపుతుంది. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు లేత మొక్కకు తగిలితే ఆ మొక్క కాయదు, కాయ కట్టాక తగిలితే నష్టం కొద్దిగానే. అందుకే మొదటి నెలలో పసుపు మొక్క కనపడగానే పీకేయమంటారు, ఆ తర్వాత పీకినా ఒకటే.

మారుకా మచ్చల పురుగు గడువు ఇంకా చిన్నది. తల్లిపురుగు మొగ్గల మీద గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు మొగ్గలనూ పూలనూ కాయలనూ దారాలతో గూడు కట్టి లోపల కూర్చుంటుంది. గూడు కట్టాక మందు లోపలికి పోదు. మొగ్గ దశలోనే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె కొడితే గుడ్లు పెట్టడం తగ్గుతుంది. మొగ్గ అంటే కొమ్మ చివర ఆకుల చంకలో పచ్చగా గుత్తిగా కనిపించేది. పసుపు పువ్వు విచ్చేసరికి వారం పోయింది.

పల్లాకు తెగులుతో విసిగి మొక్కజొన్నకు మారినవారికి 2018లో కర్ణాటకలో మొదట కనిపించి ఆ ఏడే ఇటు చేరిన కత్తెర పురుగు ఎదురైంది. అది ఉండేది మొక్క సుడిలో. లేత దశలో, సుడి తెరిచి ఉన్నంత కాలమే మందు లెక్క. పెద్దదైన పురుగుకు తవుడు, బెల్లం కలిపి పులియబెట్టి మందు చేర్చిన విషపు ఎరను సుడిలో వేస్తారు. మగపూత జల్లు వచ్చాక మందు ఖర్చు తిరిగి రాదు.

మినుము కాయ నల్లబడటంతో రైతు మనసులో పురుగు సంగతి ముగుస్తుంది, కానీ అప్పుడు మొదలయ్యే పురుగు ఒకటుంది. పుచ్చు తెచ్చే పెంకు పురుగు పండుతున్న కాయ మీదే గుడ్డు పెట్టి పోతుంది. పిల్లపురుగు గింజలోకి దూరాక పైకి జాడ ఉండదు. నూర్చి, ఎండబెట్టి, సంచికి ఎత్తి, గదిలో పేర్చిన నెలకో రెండు నెలలకో గింజకు గుండ్రటి కన్నం పడి పెంకు పురుగు బయటికొస్తుంది. సంచికి పురుగు పట్టిందంటారు. అది పట్టింది చేలో, కాయలు నల్లబడిన ఆ వారంలో, కోత ఆలస్యమైన ప్రతి రోజూ.